నూట పన్నెండో పేజీ

వీధి తలుపుకి తాళం వేసి సందు చివరిదాకా వెళ్ళాక, వెనక్కి వచ్చి ఆ తాళాన్ని ఇంకోసారి లాగి చూసే అలవాటు ఆవిడకు చిన్నప్పటి నుంచీ ఉంది. భర్తది గడియారాల రిపేరు కొట్టు. పెళ్ళయిన కొత్తలో కొట్టుకి వచ్చి, "టైమెంతయిందండీ?" అని అడిగి, ఆయన చెప్పాక గోడ మీదున్న మరో రెండు గడియారాలు కూడా చూసేది.

"నా మాట మీద నమ్మకం లేదా నీకు?"

"మీ మీద ఉందండీ. గడియారం మీదే లేదు."

"దాన్ని బాగుచేసింది నేనేనే తల్లీ!" అని ఆయన నెత్తి కొట్టుకునేవాడు.

ఊళ్ళో అందరూ ఆమెను ఓడలావిడ అనేవారు. నిజానికి ఆవిడ ఓడ ఎక్కింది జన్మలో ఒక్కసారే, అదీ రేవులో తాళ్ళతో కట్టేసి ఉన్నదాన్ని. పది నిమిషాలకే కడుపులో తిప్పేసి దిగిపోయింది. అయినా ఆ తీరంలో నౌకాదళానికి పనిచేసిన ప్రతి చిన్న ఓడా ఎప్పుడు నీళ్ళలోకి దిగిందో, ఎప్పుడు తుక్కు కింద పోయిందో, ఆవిడ నాలుక చివర ఉండేది.

ఇరవై రెండో ఏట నౌకాదళం రికార్డు ఆఫీసులో టైపిస్టుగా చేరింది. మూడో అంతస్తులో పొడవాటి గది, వరసగా ఇనప అరలు. ఎండ తగిలితే సిరా వెలిసిపోతుందని కిటికీ అద్దాలకు గోధుమరంగు కాగితం అంటించి ఉంచేవారు. అందువల్ల ఆ గదిలో ఎప్పుడు చూసినా సాయంత్రం ఐదున్నరలాగే ఉండేది. ప్రతి ఓడలోనూ లాగ్‌బుక్ అని ఒక పుస్తకం ఉంటుంది. ఎన్నింటికి ఎటు తిరిగారు, గాలి ఎలా ఉంది, ఎవరు ఏ ఆజ్ఞ ఇచ్చారు, అన్నీ అప్పటికప్పుడు అందులో రాసెయ్యాలి. అలాంటివి శిథిలమైపోతుంటే చూసి టైపు చెయ్యడం ఆవిడ పని.

పని నేర్పింది అక్కడి సూపరింటెండెంటు. ఆఫీసంతా ఆయన్ని పెద్దాయన అనేవారు. తెల్లచొక్కా చేతులు నలగకుండా మోచేతులకు నల్ల గుడ్డ తొడుగులు వేసుకుని, చిరిగిన చీటీ ముక్కను కూడా పారెయ్యకుండా జిగురు పెట్టి అతికించేవాడు.

"అమ్మాయ్, కాగితం అడక్కుండానే అన్నీ చెప్పేస్తోందంటే ఏదో దాస్తోందని అర్థం. కొట్టివేతలున్న పుస్తకాన్ని నమ్ము. కడిగిన ముత్యంలా ఉన్నదాన్ని అనుమానించు" అనేవాడు.

అసలే అనుమానం మనిషి. పైగా అది ఉద్యోగధర్మం అని పెద్దాయనే చెప్పేసరికి ఇక పట్టపగ్గాలు లేకపోయాయి. రెండో ఏడాదిలోనే ఒక బొగ్గు పడవ లాగ్‌బుక్కులో నెల పొడుగునా "సముద్రం ప్రశాంతం" అని ఉండటం పట్టుకుంది. అదే నెలలో అదే రేవులో ఉన్న మరో పడవ పుస్తకంలో, గాలివానకు లంగరు తెగిపోయిందని ఉంది. అంటే బొగ్గు పడవ అధికారి నెల మొత్తాన్నీ ఒడ్డున కూర్చుని ఒక్క పూటలో రాసేశాడన్నమాట. దాని మీద నాలుగు పేజీల వ్యాసం రాస్తే ఒక పత్రిక వేసుకుంది. అలా మొదలైంది ఆవిడ రచన. ముప్పై ఏళ్ళలో మూడు పుస్తకాలు రాసింది. మొదటిది రేవులో పెద్ద ఓడలను లాగే పడవల మీద. రెండోది దీపస్తంభాలకు నూనె మోసిన పడవల మీద. మూడోది నాలుగు వందల పేజీల గ్రంథం. ఆ తీరంలోని చిన్న ఓడలన్నిటి చరిత్రా అందులో ఉంది. నౌకాచరిత్ర పాఠాలు చెప్పే ఒక ప్రొఫెసరు, "ఒక టైపిస్టు ఓపికకు నిదర్శనం" అని దాని గురించి రాశాడు. పొగిడాడో వెక్కిరించాడో తేలక ఆవిడ ఆ ఒక్క వాక్యం మీద మూడు రోజులు గింజుకుంది.

గ్రంథం వచ్చిన నాలుగో నెలలో మొదటి కార్డు వచ్చింది.

"నూట పన్నెండో పేజీ మళ్ళీ చదవండి."

అంతే. సంతకం లేదు, చిరునామా లేదు.

ఆ పేజీలో ఒక సరుకుల ఓడ మునిగిన కథ ఉంది. ఆవిడ ఉద్యోగంలో చేరడానికి కొద్దిగా ముందు జరిగిన సంగతి. ఉదయం ఏడు దాటాక, దట్టమైన మంచులో, ఓడ రాళ్ళకు కొట్టుకుంది. పదకొండు మంది పోయారు. చుక్కాని పట్టిన మనిషి ఆజ్ఞ లేకుండానే ఎడమకు తిప్పడం వల్ల ప్రమాదం జరిగిందని విచారణ సంఘం తేల్చింది. ప్రాణాలతో బయటపడిన అతన్ని ఉద్యోగంలోంచి తీసేశారు. ఆవిడ ఆ పేజీని మూడుసార్లు చదివింది. ఒక్క అక్షరం తప్పు కనపడలేదు.

తరువాతి నెల మళ్ళీ కార్డు. ఆ పై నెల మళ్ళీ. అదే వాక్యం.

ఇక ఆవిడకు నిద్ర పట్టలేదు. మొదట ప్రొఫెసరును అనుమానించింది. అతని పాత ఉత్తరం ఒకటి బయటకు తీసి అక్షరం అక్షరం పోల్చింది. కలవలేదు. అచ్చాఫీసు నడిపే మరిది మీదికి పోయింది మనసు. ప్రూఫుల దగ్గర అతనికీ తనకూ పెద్ద రభసే జరిగింది. ఒకనాడు కాగితం, కలం అతని ముందు పెట్టి, "మళ్ళీ అని ఒక్కసారి రాయవయ్యా" అంది.

"ఎందుకు వదినా?"

"ఊరికే."

"మీరు ఊరికే ఏదీ అడగరు" అని అతను వంకరటింకరగా ఏదో గీకి, కలం కింద పెట్టి, అన్న వైపు జాలిగా చూసి వెళ్ళిపోయాడు. పోస్టుమాన్‌ను సైతం వదల్లేదు ఆవిడ. కార్డు ఇచ్చేటప్పుడు అతను ఒకసారి నవ్వాడు. ఎందుకు నవ్వాడన్నది వారం రోజులు ఇంట్లో చర్చకు వచ్చింది.

ఐదో కార్డు వచ్చిన రోజు భర్త కొట్లోంచి భోజనానికి వచ్చాడు. కంటికి పెట్టుకునే భూతద్దం నుదుటి మీదికి తోసుకుని ఉంది. కార్డు చూశాడు.

"ప్రపంచంలో అందరి మీదా అనుమానపడ్డావు. ఆ పేజీ మీద మాత్రం ఎందుకు పడవు?"

"విచారణ సంఘం నివేదికండీ అది! ప్రతి పేజీకీ ముద్ర ఉంది."

"ముద్ర ఉంటే సరేనా?"

ఆవిడకు ఒళ్ళు మండింది. కానీ మర్నాడు పదింటికల్లా రికార్డు ఆఫీసులో ఉంది. పదవీ విరమణ చేసిన ఉద్యోగిగా ఆవిడకు లోపలికి వెళ్ళే కార్డు ఉంది. ముందు నివేదిక తెప్పించుకుంది. 'మ' అక్షరం కొంచెం పైకెగిరిన టైపు. పేజీ తిప్పుతున్న చెయ్యి ఆగిపోయింది. అది తన పాత మిషను. చేరిన రెండో నెలలో ఈ నివేదికను టైపు చేసింది తనే. "ఆజ్ఞ లేకుండా" అన్న మాటలను తన వేళ్ళే కొట్టాయి. ముప్పై ఏళ్ళ తరువాత గ్రంథం రాస్తూ తను టైపు చేసిన దాన్నే తను ఆధారంగా చూపించింది. అప్పుడు ఓడ లాగ్‌బుక్కును తెరిచినా, నివేదికలోని వాక్యం అందులో ఉందా అని మాత్రం చూసి మూసేసింది.

ఇప్పుడు దాన్ని నిదానంగా చూసింది. ఓడలో నాలుగు గంటలకోసారి కాపలా మారుతుంది. కాపలా మారితే రాసే చెయ్యి మారాలి. ఇందులో మొదటి పేజీ నుంచి ఆఖరిదాకా ఒకే దస్తూరీ, ఒకే సిరా. కొట్టివేత ఒక్కటి లేదు. కడిగిన ముత్యం. 'ఏడు' అంకె వేసిన ప్రతిచోటా దాని నడుం మీద చిన్న అడ్డగీత ఉంది.

ఆ గీత ఎవరిదో ఆ ఆఫీసులో పనిచేసిన వాళ్ళందరికీ తెలుసు. పెద్దాయనది.

రిజిస్టరు చూసింది. "మూల ప్రతి చెదలు పట్టినందున శుభ్రమైన నకలు చేయడమైనది" అని ఒక పంక్తి, కింద ఆయన సంతకం, తేదీ. తను చేరాక వేసిన తేదీ. ఇనప అరల గదిలో చెదలు! ముప్పై ఏళ్ళలో ఆ గదిలో చెద పురుగన్నది ఆవిడ కంట పడలేదు.

వెంటనే ఆయన దగ్గరికి పరుగెత్తలేదు. అది ఆవిడ తత్వం కాదు. ముందు చుక్కాని మనిషి సర్వీసు పుస్తకం తీయించి, చిరునామా రాసుకుని వెళ్ళింది. ఐస్ ఫ్యాక్టరీ వెనక రెండు గదుల ఇల్లు. తలుపు మీద అట్టముక్క వేలాడుతోంది. "బెల్ పాడైంది. మళ్ళీ మళ్ళీ నొక్కకండి."

ఆ 'ళ్ళీ' ని ఆవిడ ఐదు నెలలుగా చూస్తోంది.

తలుపు తీసినామెకు నలభై పైనే ఉంటాయి. నర్సు. డ్యూటీకి వెళ్ళబోతూ చేతి గడియారం పెట్టుకుంటోంది. ఆవిడ తనెవరో చెప్పింది. నర్సు గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"ఇప్పుడు ఇంకేం రాద్దామని వచ్చారు?"

"కార్డులు మీరే రాశారు కదూ?"

"రాశాను. పోలీసులకు చెప్తారా?"

"లేదమ్మా. అడుగుదామని వచ్చాను. మీ నాన్నగారు ఆ రోజు గురించి ఏమైనా చెప్పారా?"

"నాన్న పోయి ఐదు నెలలయింది. మీకు కావలసింది అప్పుడు అడగాల్సింది. పుస్తకం రాయకముందు. ఇల్లు ఎక్కడో దొరకలేదా? ఇవాళ దొరికిందిగా?"

జీవితంలో ఎన్నడూ ఆవిడ ఇలాంటి చూపుకు ఎదురుగా నిలబడలేదు. ఆ చూపు ఎప్పుడూ తనదే. అవతలి మాటల్లో ఏ మాట అబద్ధమో వెతికే చూపు. ఇప్పుడు తన మొహం మీద అది వెతుకుతోంది.

తరువాతి సంగతి నర్సే చెప్పింది. నౌకాదళం వదిలాక తండ్రి ఐస్ ఫ్యాక్టరీకి గేటు కాపలా ఉన్నాడు. ఓడ సంగతి ఇంట్లో ఎత్తేవాడు కాదు. గ్రంథం వచ్చిందని ఎవరో చెబితే కూతురు లైబ్రరీ నుంచి తెచ్చింది. ఆయన ఆ పేజీ చదివాడు.

"చదివి పుస్తకం మూశారు. 'బాగా రాసింది' అన్నారు. మంచు అలాగే ఉందట. ఓడ రంగు కూడా సరిగ్గా రాశారట. ఆ రాత్రి మాత్రం అన్నం ముట్టలేదు. మర్నాడు నాతో ఒక్కటే మాట అన్నారు. 'రెండుసార్లు అడిగానమ్మా' అని. ఏం అడిగారో చెప్పలేదు. రెండు నెలలకు పోయారు."

ఆవిడ ఇంటికి నడిచే వచ్చింది. తాళం తీసిందో లేదో, లోపల దీపం వేసిందో లేదో గుర్తులేదు. భర్త వచ్చేసరికి గ్రంథం ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది.

తరువాతి వారం పెద్దాయన ఇంటికి వెళ్ళింది. ఎనభై దాటిన మనిషి. కోడలు టీ ఇచ్చి లోపలికి వెళ్ళింది. ఆయన కప్పు అందుకుంటుంటే సాసరు టకటకలాడింది. వయసా, భయమా అని ఆవిడ లెక్కవేసింది.

"సార్, సరుకుల ఓడ లాగ్‌బుక్కు నకలు చేసింది మీరే."

"అయుండచ్చు. ఎన్ని చెయ్యలేదు!"

"చెదలు పట్టిందని రాశారు."

"పట్టుంటుంది."

"ఇనప అరల్లోనా సార్?"

ఆయన కిటికీలోంచి బయటకు చూశాడు. "ఆ ఓడ కెప్టెన్ అప్పటికే పెద్ద స్థానానికి వెళ్తున్నాడమ్మాయ్. పైనుంచి మనిషి వచ్చాడు. నాకు చదువుకునే పిల్లలు ఇద్దరు. నీకు ఇవన్నీ ఇప్పుడెందుకు?"

"అసలుది ఏం చేశారు?"

"కాల్చెయ్యమన్నారు."

"కాల్చారా?"

ఆయన నవ్వినట్టు పెదవులు కదిలించాడు. "రికార్డు గదిలో కాగితాన్ని చంపడానికి నిప్పెందుకు? వేరే నంబరు వేసి పక్క అరలో పెడితే చాలు, వందేళ్ళు ఎవరికీ దొరకదు. మన గుమాస్తాలు ఎంతమంది అలా చేసేవారో గుర్తుందా?" అని, గుమాస్తాల సోమరితనం మీదకు మాట మళ్ళించేశాడు. ఆవిడ లేస్తుంటే, "పెద్దవాణ్ణయిపోయాను. ఏం మాట్లాడానో సాయంత్రానికి గుర్తుండదు" అన్నాడు.

నోరు జారాడా, కావాలనే చెప్పాడా అన్నది ఆవిడకు ఎప్పటికీ తేలలేదు. చిరిగిన చీటీని కూడా అతికించే మనిషి లాగ్‌బుక్కును కాల్చాడంటే మాత్రం ఆవిడ నమ్మలేదు.

నాలుగు నెలలు వెతికింది. ఏ ఫైలు కోసం వచ్చిందో ఎవరికీ తెలియకూడదని రోజుకో విషయం పేరు చెప్పేది. ఒకరోజు తాళ్ళ కొనుగోళ్ళు, ఒకరోజు యూనిఫాం కుట్టుపని, ఒకరోజు వంటపాత్రలు. ఇప్పటి అధికారి తన మీద కన్నేశాడని గట్టి నమ్మకం. అతను పక్కనుంచి వెళ్తే చాలు, కాగితం మీద మోచెయ్యి పెట్టేసేది. పాపం అతనికి ఆవిడ పేరు కూడా గుర్తుండేది కాదు.

చివరికి నౌకాదళ ఆస్పత్రి మందుల జాబితాల మధ్య దొరికింది. మామూలు అట్ట వేసి, వీపు మీద "కట్టుగుడ్డలు, అయొడిన్" అని రాసి ఉంది. లోపల ఉప్పునీటికి ఉబ్బిన పేజీలు, రకరకాల దస్తూరీలు, కొట్టివేతలు. ఆఖరి పేజీ రెండో అధికారి పెన్సిలుతో రాసింది. ఆ రోజు పోయిన పదకొండు మందిలో అతనొకడు.

"7.05. మంచు. చుక్కాని మనిషి కుడికి తిప్పమంటారా అని అడిగాడు. కెప్టెన్ ఎడమకన్నారు. 7.08. మళ్ళీ అడిగాడు. ఎడమకే అన్నారు."

తరువాత గీత. ఇంకేమీ లేదు.

ఆవిడ పుస్తకం మూసింది. కేకెయ్యలేదు, ఎవర్నీ పిలవలేదు. కౌంటరు దగ్గరికి వెళ్ళి, మందుల జాబితా ఫలానా సంపుటికి ధ్రువీకరించిన నకలు కావాలని అర్జీ రాసిచ్చింది. గుమాస్తా కట్టుగుడ్డల పుస్తకమే కదా అని ప్రతి పేజీకీ ఫొటో నకలు తీసి, చూడకుండా, దబదబా ముద్రలు కొట్టేశాడు. అలాంటి మూడు ప్రతులు తీసుకుంది. ఒకటి భర్త కొట్లో నిలువు గడియారం పెట్టెలో పెట్టింది. ఒకటి మరిది అచ్చాఫీసులో. మూడోది ఎక్కడ పెట్టిందో భర్తకు కూడా చెప్పలేదు.

"నన్నూ అనుమానిస్తున్నావా?" అన్నాడాయన.

"మిమ్మల్ని ఎవరైనా గట్టిగా అడిగితే చెప్పేస్తారండీ. మీది మెత్తటి మనసు."

జరిగినదంతా నలభై పేజీల చిన్న పుస్తకంగా రాసింది. వెయ్యడానికి ప్రచురణకర్తలు ఇద్దరు వెనక్కి తగ్గారు. ఆ కెప్టెన్ నిలువెత్తు చిత్రపటం నౌకాదళం ఆఫీసు ముందు హాల్లో ఇప్పటికీ ఉంది మరి. ఆఖరికి మరిదే వేశాడు. "నా దస్తూరీ పరీక్ష అయిపోయిందా వదినా?" అని ఒక్క పోటు పొడిచి, నలభై పేజీలూ స్వయంగా ప్రూఫు చూశాడు. అందులో ఆవిడ తన తప్పునే ముందు రాసింది. తను టైపు చేసిన నివేదికను తనే నమ్మిన సంగతీ, బతికున్న మనిషిని వెళ్ళి అడగని సంగతీ మొదటి పేజీలోనే ఉన్నాయి. పెద్దాయన పేరు కూడా రాసింది. ఆయనకు ముందుగా ఒక ప్రతి పంపింది. జవాబు రాలేదు. ఆ ఏడాది చివర ఆయన పోయినప్పుడు వెళ్ళి వెనక వరసలో నిలబడింది. కోడలు ఆవిడను చూసింది గాని పలకరించలేదు.

రికార్డు ఆఫీసు ఆవిడ కార్డు రద్దు చేసింది. కారణం రాయలేదు. లాగ్‌బుక్కును వెతికిస్తే ఆ అరలో లేదని మొదట అన్నారు. ముద్ర వేసిన ప్రతులు బయటకు వచ్చాక, ఉందన్నారు. రెండేళ్ళు నలిగాక, చుక్కాని మనిషిని "తొలగించడమైనది" అన్న చోట "పదవీ విరమణ" అని సవరిస్తూ ఒక ఉత్తర్వు వెలువడింది. కెప్టెన్ గురించి అందులో ఒక్క ముక్క లేదు. చిత్రపటం కదల్లేదు.

గ్రంథం రెండో ముద్రణ వచ్చాక, నూట పన్నెండో పేజీ తిరగరాసిన ప్రతిని తీసుకుని ఆవిడ ఐస్ ఫ్యాక్టరీ వెనకాలకు వెళ్ళింది. నర్సు నిలబడే చదివింది. చదువుతూ మధ్యలో రెండుసార్లు తలెత్తి చూసింది.

"ఇది నిజమని మీకెలా తెలుసు?"

"తెలీదమ్మా. ఆ అధికారి పెన్సిలుతో రాశాడు. మీ నాన్నగారు రెండుసార్లు అడిగానన్నారు. ఈ రెండూ కలిశాయి. అంతవరకే చెప్పగలను."

నర్సు మళ్ళీ పేజీలోకి చూసింది. "ఒకటి తప్పు. అప్పటికి నాన్నకి ముప్పై నాలుగు కాదు. ముప్పై ఒకటి."

"సర్వీసు పుస్తకంలో ముప్పై నాలుగని ఉంది."

"ఉద్యోగంలో చేరడానికి మూడేళ్ళు ఎక్కువ వేయించుకున్నారు."

ఆవిడ సంచిలోంచి నోటు పుస్తకం తీసింది. "దానికి ఆధారం?"

నర్సు మొహం ఎర్రబడింది. ఏదో గట్టిగానే అనబోయి ఆగింది. కుర్చీ మీదున్న బట్టలు తీసి పక్కన పడేసి, "కూర్చోండి. బడి సర్టిఫికెట్ ఉండాలి. అమ్మ ట్రంకుపెట్టెలో" అని లోపలికి వెళ్ళింది.

ఆవిడ కూర్చుని కలం మూత తీసింది. లోపల ట్రంకుపెట్టె గడియ రాక నర్సు విసుక్కోవడం వినిపిస్తోంది.